కాస్ట్ ఐరన్ పైపు గుండ్రంగా ఉందంటే గట్టిగా ఉన్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

"తవ్వి చూశాం సార్, పైపు బాగానే ఉంది." లీకు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఈ మాటే వింటాను. భూమిలోని పాత పైపుల విషయంలో ఎక్కువ నష్టం తెచ్చే మాట కూడా ఇదే.

స్టీలు తుప్పు పడితే పెచ్చులూడుతుంది, కంటికి తెలిసిపోతుంది. పాత పైపుల గ్రే కాస్ట్ ఐరన్‌లో (పోత ఇనుము) గ్రాఫైట్ (పెన్సిల్ ములుకులో ఉండే కార్బన్) రేకులు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. తడి మట్టిలో ఇది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది: గ్రాఫైట్ కాథోడ్ (చెక్కుచెదరని వైపు), చుట్టూ ఉన్న ఇనుము ఆనోడ్ (కరిగే వైపు). ఏళ్ల తరబడి ఇనుము కరిగిపోతుంది. గ్రాఫైట్, దాని మధ్య ఇరుక్కున్న తుప్పు మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి. ఆకారం మారదు, బయటి కొలతా మారదు. బలం పోతుంది. దీన్నే గ్రాఫిటిక్ తుప్పు అంటాం.

పనిలో చేరిన కొత్తలో నేనూ మోసపోయాను. చిన్న లీకు. మట్టి తుడిస్తే పైపు నున్నగా కనిపించింది. క్లాంపు (పైపు చుట్టూ బోల్టులతో బిగించే పట్టీ) వేసి బిగించమన్నాను. రెండో బోల్టు బిగుస్తుండగా టప్‌మని చప్పుడు, క్లాంపు అంచు నుంచి మూరెడు పగులు. గుంట నిండా నీళ్లు. ఆ ముక్క కోసి తీశాక చాకుతో గీస్తే, పెన్సిల్ ములుకు చెక్కినట్టు నల్లటి పొడి రాలింది. మెరిసే లోహం లోపలి అంచున రేకంత మందాన మిగిలింది. ఆ పూట నీళ్లు లేక అవస్థ పడ్డవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

"ప్రెషర్ ఆగుతోంది కదా" అంటారు. ఆ నల్ల పొర బిరడాలా నీటిని ఆపగలదు, నిజమే. పంపు ఒక్కసారిగా ఆగి ప్రెషర్ ఎగిసినా, బంకమట్టి ఎండి కుంగి పైపును వంచినా అది తట్టుకోలేదు. అందుకే ప్రెషర్ తగ్గించాక పైపు కడిగి, సుత్తితో మెల్లగా తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, చెడింది మొద్దుగా పలుకుతుంది. అడుగు వైపు తప్పకుండా చూడండి, తడి ఎక్కువగా నిలిచేది అక్కడే. అసలు మందం కావాలంటే నల్ల పొరంతా గీకి, మిగిలిన లోహాన్ని కొలవాల్సిందే.

"పాత పైపంటే పోయినట్టే" అన్నది ఇంకో మాట. ఫ్రాన్స్‌లోని వెర్సైల్స్‌కు 17వ శతాబ్దంలో వేసిన కాస్ట్ ఐరన్ పైపులు 300 ఏళ్లకు పైగా పనిచేశాయి. వయసు కంటే మట్టి ముఖ్యం. రెసిస్టివిటీ (కరెంటు పారకుండా మట్టి అడ్డుకునే గుణం) 1,000 ఓమ్-సెంటీమీటర్ల లోపుంటే ఆ మట్టి ఇనుమును బాగా తినేస్తుంది.

డీఐ (డక్టైల్ ఐరన్, పెళుసు తక్కువున్న కొత్తరకం పోత ఇనుము) పైపుకు తుప్పు పట్టదా? పడుతుంది. సులువుగా విరగదంతే. గోడ పలచన కాబట్టి పాలిథిన్ తొడుగు చిరగకుండా చూసుకోవాలి. పాత లైనుకు నేరుగా కలిపిన కొత్త ముక్క ముందే పోతే నాసిరకమని తిట్టకండి, ఆ జతలో తరచుగా కొత్తదే ఆనోడ్ అవుతుంది. పక్కన కరెంటు కేబుల్ ఉందని టెన్షన్ పడేవాళ్లకు: ఏసీ కరెంటుతో తుప్పు ముప్పు చాలా తక్కువ. మట్టిలోకి దారితప్పిన డీసీ అయితే 1 ఆంపియర్ చొప్పున ఏడాదిలో దాదాపు 9 కిలోల ఇనుమును కరిగించగలదు.

ఎర్ర నీళ్లు విషమన్న పుకారు వింటే నాకు కోపమొస్తుంది, ఎందుకంటే చిన్నపిల్లలున్న తల్లులు హడలిపోతారు. అమ్మా, ఆ రంగు చాలావరకు పైపు లోపలి తుప్పు గడ్డలు కదిలి వచ్చిన ఇనుము. నీళ్లు తేటపడేదాకా కుళాయి వదలండి. కానీ పైపు పగిలి ప్రెషర్ పడిపోయిన తర్వాత మాత్రం తేటగా ఉన్నాయని తాగొద్దు. మట్టినీరు లోపలికి లాగి ఉండొచ్చు, బ్యాక్టీరియా పరీక్ష ఫలితం వచ్చేదాకా మరిగించే తాగండి.