కత్తి మొన దగ్గరే రంగు ఎందుకు ఊడుతుంది?

బొటనవేలంత ప్లాస్టిక్ సైనికుడికి గంటల కొద్దీ కూర్చుని రంగులు వేస్తాం. కొన్నాళ్లు నలుగురి చేతుల్లో తిరిగాక చూస్తే కత్తి మొన దగ్గర, డాలు అంచున, ముక్కు కొసన ప్లాస్టిక్ బయటపడి ఉంటుంది. అంగీ మడతల్లో రంగు మాత్రం చెక్కుచెదరదు. చేయి ఎక్కువగా తగిలే చోటు కాబట్టి అరిగిపోయిందనుకుంటాం. అది సగం కారణమే. తడి రంగుకు తలతన్యత, అంటే తన పైభాగాన్ని వీలైనంత చిన్నగా ముడుచుకునే గుణం, ఉంటుంది. పదునైన అంచు మీద పూసిన రంగును అది రెండు పక్కలకూ లాగేస్తుంది. ఆరేసరికి మడతల్లో పొర మందంగా, అంచు మీద పలచగా మిగులుతుంది. రాపిడి ఎక్కువగా ఉండే చోటే పూత తక్కువన్నమాట.

అయితే పూత ఎంత మందంగా ఉన్నా, కింద పట్టు లేకపోతే పెచ్చులుగా లేచిపోతుంది. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఖరీదైన రంగులో, మంచి బ్రష్షో కాదు, మొదటి చుక్క రంగు పడకముందు బొమ్మను సిద్ధం చేసిన తీరు అని నా గట్టి నమ్మకం. చెక్క, కాగితం రంగును కొంత లోపలికి పీల్చుకుంటాయి. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. రంగు పొర దాని మీద నిలిచేది ముఖ్యంగా అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ వల్ల. వాటినే వాన్ డర్ వాల్స్ బలాలు అంటారు. దూరం కొద్దిగా పెరిగినా ఈ బలాలు చాలా వేగంగా తగ్గిపోతాయి. మధ్యలో కంటికి కనిపించనంత సన్నని జిడ్డు ఉన్నా చాలు, రంగు ఆ జిడ్డును పట్టుకుంటుంది తప్ప ప్లాస్టిక్‌ను కాదు.

ఆ జిడ్డు ఫ్యాక్టరీ నుంచే రావచ్చు. బొమ్మ అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి కొన్నిసార్లు సిలికాన్ లాంటి పదార్థాలు చల్లుతారు. మిగతాది మన వేళ్లది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు కడిగే సబ్బు, పాత టూత్ బ్రష్ ఉంటే చాలు. మరీ వేడి నీళ్లలో వేస్తే సన్నని కత్తులు, ఈటెలు వంగిపోతాయి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట పడే గీతను కడగక ముందే బ్లేడు వెనక వైపుతో గీకేస్తే ఆ పొడి కూడా కడుగులో పోతుంది.

బాగా కడిగి ఆరబెట్టిన డాలు మీద ఒక్క నీటి చుక్క వేసి చూడండి. అది పరుచుకోదు, గుండ్రంగా ఉబ్బి నిలబడుతుంది. నీటి తలతన్యత మీటరుకు దాదాపు 72 మిల్లీన్యూటన్లు. ఘన పదార్థపు పైభాగం ద్రవాన్ని ఎంతగా తన మీదికి లాక్కోగలదో చెప్పేది ఉపరితల శక్తి. ఈ బొమ్మలకు ఎక్కువగా వాడే గట్టి ప్లాస్టిక్ పాలీస్టైరీన్‌కు అది అదే కొలతలో 35 దగ్గర, అంటే దాదాపు సగం. ఒక ద్రవం బాగా పరుచుకోవాలంటే దాని తలతన్యత కింద ఉన్న పదార్థపు ఉపరితల శక్తి కంటే తక్కువగా ఉండాలి. నీటితో కలిపే అక్రిలిక్ రంగుల్లో తలతన్యతను తగ్గించే పదార్థాలు అందుకే వేస్తారు. రంగును ఉత్త నీళ్లతో మరీ పలచన చేస్తే వాటి ప్రభావం తగ్గుతుంది, రంగు పొడిని పట్టి ఉంచే బైండర్ కూడా తగ్గుతుంది. సిమెంటు చాలని గోడలా, ఆరాక వేలితో రుద్దితే పొడిపొడిగా రాలుతుంది. పలచన చేయడానికి మీడియం అనే, బైండర్ ఉన్న ద్రవాన్ని విడిగా అమ్మేది ఇందుకే.

ప్రైమర్, అంటే రంగు కంటే ముందు వేసే పట్టు పూత, అవసరం కూడా ఇక్కడే వస్తుంది. సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఉన్న స్ప్రే ప్రైమర్ పాలీస్టైరీన్ పైపొరను కొద్దిగా మెత్తబరిచి దానితో కలిసిపోగలదు. పైగా ఆరాక గరుకుగా ఉంటుంది కాబట్టి తర్వాతి రంగుకు పట్టు దొరుకుతుంది. ఒకేసారి మందంగా కొట్టకుండా పలచని పూతలు రెండు మూడు వేయాలి. గాలి ఆడే చోట, మాస్క్ పెట్టుకునే ఈ పని చేయాలి, ఇందులో రాజీ పడకూడదు.

అన్ని ప్లాస్టిక్‌లూ ఇలా లొంగవు. వేలితో వంచితే వంగే మెత్తని సైనికుల బొమ్మలు చాలావరకు పాలీఎథిలీన్‌వి. మామూలు ఉష్ణోగ్రతలో సాల్వెంట్లు దాన్ని కరిగించలేవు, దాని ఉపరితల శక్తి పాలీస్టైరీన్ కంటే ఇంకా తక్కువ. కత్తి వంగినప్పుడల్లా పైనున్న గట్టి పూత చిట్లుతుంది. వీటికి సాగే గుణమున్న అక్రిలిక్ పూతలే నయం. మెత్తని పీవీసీ బొమ్మలది మరో తంటా. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ మెల్లగా పైకి వచ్చి, కొన్ని ఎనామిల్, స్ప్రే పూతలను నెలలు గడిచినా జిగటగానే ఉంచుతుంది. పీవీసీ అని తెలిస్తే నీటి ఆధారిత ప్రైమర్ వాడటం మంచిది.

అక్రిలిక్ రంగు ముట్టుకుంటే అంటనంతగా ఆరడానికి నిమిషాలు చాలు. కానీ నీరు పోయాక బైండర్‌లోని పాలిమర్ రేణువులు ఒకదానికొకటి ఒత్తుకుని, కలిసిపోయి, గట్టి పొరగా మారడానికి రోజులు పడుతుంది. ఆ లోపు బొమ్మను నేరుగా పట్టుకోకుండా సీసా మూతకో కార్కుకో అతికించి, దాన్ని పట్టుకుని పని చేస్తే అంచులు నిలుస్తాయి.

చివరి పూత వార్నిష్. మెరిసే వార్నిష్ సాధారణంగా మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కంటే గట్టిది, ఎందుకంటే మ్యాట్‌లో మెరుపు తగ్గించడానికి సిలికా లాంటి సన్నని పొడి కలుపుతారు. ఆడుకునే బొమ్మలకైతే ముందు మెరిసేది, ఆరాక పైన మ్యాట్ వేయడం నాకు నచ్చిన పద్ధతి. కత్తి మొనలకు, డాలు అంచులకు బ్రష్‌తో మరో పూత అదనంగా వేయండి. మ్యాట్ స్ప్రే డబ్బాను బాగా కుదిపి, గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజు చూసి కొట్టాలి. లేకపోతే ముదురు రంగుల మీద తెల్లని మసక కమ్ముతుంది. ముందుగా బొమ్మలు కోసుకోగా మిగిలిన ప్లాస్టిక్ చట్రానికి నల్ల రంగు వేసి, దాని మీద ఒకసారి కొట్టి చూస్తే ఆ రోజు వాతావరణం పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది.