దయ్యం నీడను స్కేలుతో కొలవవచ్చు

పాత అనలాగ్ టీవీ మొరాయిస్తే చాలామంది మొదట చేసే పని దాని నెత్తిన ఒక దెబ్బ వేయడం. లోపల ఎక్కడైనా సోల్డరింగు అతుకు వదులై ఉంటే ఆ వైద్యం కాసేపు పనిచేస్తుంది కూడా. వచ్చిన చిక్కు అదే. నిజానికి ఆ సెట్టు తన జబ్బును దాచుకునే రకం కాదు. ఏం చెడిందో తెర మీదే రాసి చూపిస్తుంది. డిజిటల్ టీవీకి ఆ నిజాయతీ లేదు. సిగ్నల్ బలహీనపడుతున్నా చివరిదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆ తర్వాత బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి మాయమవుతుంది.

తెర మీద బొమ్మ ఒక్కసారిగా పడదు. ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి గీత తర్వాత గీత గీస్తూ కిందికి దిగుతుంది. 625 గీతల పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు, అంటే 15,625 గీతలు. ఒక్కో గీతకు దక్కేది 64 మైక్రోసెకన్లు. పుంజం మళ్లీ ఎడమ అంచుకు చేరడానికి పట్టే కాలం తీసేస్తే బొమ్మకు మిగిలేది సుమారు 52. తెర వెడల్పు అర మీటరు అనుకుంటే, వెలుగు చుక్క ఒక సెంటీమీటరు దాటడానికి ఇంచుమించు ఒక మైక్రోసెకను పడుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, చేతిలో ఒక పరికరం ఉన్నట్టే.

మనిషి పక్కన అదే మనిషి వెలిసిపోయిన రంగులో కుడివైపు ఇంకోసారి కనిపిస్తాడు. మెకానిక్కులు దీన్ని ఘోస్ట్ అంటారు, అంటే దయ్యం. ప్రసార టవర్ నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్‌తో పాటు, ఏ కొండకో పెద్ద కట్టడానికో తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ కూడా యాంటెనాకు చేరింది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి కుడివైపు పడింది. స్కేలు పెట్టి కొలవండి. నీడ ఒక సెంటీమీటరు దూరంలో ఉంటే ఆలస్యం ఒక మైక్రోసెకను. ఆ వ్యవధిలో రేడియో తరంగం 300 మీటర్లు పోతుంది. అడ్డం మీ యాంటెనాకు సరిగ్గా వెనక ఉంటే, పోనూ రానూ కలిపి 300 కాబట్టి, అది 150 మీటర్ల దూరంలో ఉంది. పక్కగా ఉంటే ఇంత సులభం కాదు: టవర్, యాంటెనా నాభులుగా గీసిన దీర్ఘవృత్తం మీద ఎక్కడైనా ఉండవచ్చు. బడిలో ఎందుకు చదివామో తెలియని ఆ దీర్ఘవృత్తం ఇలా ఇంటి కప్పు మీద ఎదురవుతుంది.

దీనికి మందు యాంటెనాను కొద్దికొద్దిగా తిప్పడమే. 1926లో జపాన్‌లో షింటారో ఉడా, హిదెత్సుగు యాగీ రూపొందించిన పుల్లల యాంటెనా ఒక దిక్కునే బాగా వింటుంది, కొన్ని దిక్కుల్లో దాదాపు చెవిటిది. ఆ చెవిటి వైపును కొండకు తిప్పాలి. అందుకోసం అసలు సిగ్నల్ కొంత తగ్గినా నష్టం లేదు.

ఎంత తిప్పినా నీడ కదలకుండా, రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో అంటిపెట్టుకుని ఉందా? అప్పుడు కొండను వదిలేసి కేబుల్‌ను పట్టుకోవాలి. 300 ఓమ్‌ల చదును తీగను 75 ఓమ్‌ల సాకెట్‌కు నేరుగా మెలిపెట్టి కలిపితే, రెండింటి అవరోధం (ఓమ్‌లలో కొలిచేది అదే) కుదరక సిగ్నల్‌లో కొంత భాగం వెనక్కి పోతుంది, పైకొసన యాంటెనాకు తగిలి మళ్లీ దిగుతుంది. ముప్పై మీటర్ల కేబుల్‌లో ఆ పైకీ కిందికీ ప్రయాణానికి సుమారు 0.3 మైక్రోసెకను, తెర మీద మూడు మిల్లీమీటర్లు. తీగకూ సాకెట్‌కూ మధ్య, ఆ తేడాను సర్దడానికి ఉండవలసిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను బాలన్ అంటారు. ఎడమవైపు పడే నీడ ఇంకా వింత. అసలు బొమ్మ కంటే ముందే వచ్చినది ఏది? టవర్ మరీ దగ్గరగా ఉంటే సిగ్నల్ కొంత గాలిలోంచే సెట్టులోకి చొరబడుతుంది. కేబుల్‌లో వచ్చేది కాంతి వేగంలో మూడింట రెండు వంతులతో నడుస్తూ వెనకబడుతుంది.

తెర మీద చుక్కలు ముసిరితే అందరూ చెప్పే సలహా బూస్టర్, అంటే సిగ్నల్‌ను పెంచే పరికరం. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. సెట్టు వెనక పెట్టిన బూస్టర్, కేబుల్‌లో సిగ్నల్ నీరసించాక పనిచేస్తుంది కాబట్టి రొదను, అంటే చుక్కలుగా కనిపించే ఆ అనవసర సిగ్నల్‌ను కూడా పెంచుతుంది. పెట్టాలంటే యాంటెనా దగ్గరే పెట్టాలి. అంతకంటే ముందు చేయవలసింది యాంటెనా ప్లగ్గు పీకి చూడడం. చుక్కల్లో ఏ మార్పూ లేకపోతే తప్పు బయట ఉంది: తెగిన తీగ, తుప్పు, నీళ్లు దిగిన అతుకు. బొమ్మా లేక చుక్కలూ లేక తెర చదునుగా వెలుగుతుంటే ట్యూనర్‌నో (ఛానెల్‌ను ఎంచుకునే భాగం) దాని తర్వాతి భాగాన్నో అనుమానించాలి, ఎందుకంటే ఆ చుక్కల్లో ఎక్కువ భాగాన్ని పుట్టించేది ట్యూనరే. చుక్కలేమీ లేకుండా శుభ్రమైన బొమ్మ పైకి దొర్లుతుంటే యాంటెనా చాలావరకు నిర్దోషి. బొమ్మను పైకీ కిందికీ జారకుండా పట్టి ఉంచే వర్టికల్ హోల్డ్ బిరడాను కాస్త తిప్పి చూడవచ్చు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఒక వెడల్పాటి ముదురు పట్టీ మెల్లగా పాకుతుంటే సెట్టు లోపలి విద్యుత్ సరఫరాలో కరెంటు ఒడిదుడుకులను చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది.

అక్కడితో మన పని ఆగాలి. రంగుల పిక్చర్ ట్యూబుకు ఇరవై వేల వోల్టులకు పైగా అందుతుంది, ప్లగ్గు తీశాక కూడా ఆ ఛార్జి మిగిలి ఉండవచ్చు. వెనక మూత విప్పడం తెలిసినవారి పని.

నెదర్లాండ్స్ 2006లో, అమెరికాలోని పెద్ద స్టేషన్లు 2009 జూన్ 12న అనలాగ్ ప్రసారాలు ఆపేశాయి. అలాంటి చోట పాత సెట్టుకు బొమ్మ ఇప్పుడు పక్కనున్న సెట్‌టాప్ పెట్టె నుంచి, మీటరు పొడవు తీగలో వస్తుంది. ఆ తీగలోనూ ప్రతిధ్వని పుట్టవచ్చు. లెక్క వేస్తే తెర మీద దాని నీడ మిల్లీమీటరులో పదో వంతు దూరంలో పడుతుంది. వెలుగు చుక్క అంతకంటే లావు.