చేంతాడు ఎక్కడ తెగింది?

మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి కింద జనం కిక్కిరిస్తే బెజవాడ పత్రికల డెస్కుల్లో ఒక శీర్షిక సిద్ధంగా ఉంటుంది: ‘కొండవీటి చాంతాడులా క్యూలైన్లు’. మర్నాడు పొద్దున్నే ఏ తెలుగు మాస్టారి ఫోనో కూడా సిద్ధమే. “చాంతాడు కాదు నాయనా, చేంతాడు.” ఈ దసరాకీ ఆ ఫోను వచ్చింది, సవరణ వేయాల్సిందేనన్న పట్టుదలతో సహా.

రెడ్డిరాజుల వైభవం, 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు కోట పట్టుకోవడం అందరికీ తెలిసిన కథే. కొండ మీద బావి లోతు, కాబట్టి తాడు పొడుగు. సామెతకు అంతవరకు చాలు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొండవీడు పల్నాడు లెక్కలోకి వెళ్లింది. సామెతను మాత్రం గుంటూరువాళ్లు వదులుకోలేదు.)

మాస్టార్ల వాదన ఒక్క ముక్కలో చెప్పొచ్చు: చేదడం అంటే నీళ్లు తోడడం, తోడే తాడు చేంతాడు, ‘చా’కు అర్థం లేదు. నిజమే.

కానీ పల్లెలో ఏ ముసలమ్మచేతనైనా ఆ మాట అనిపించి చూడండి. వినిపించేది ‘చే’ కాదు, ‘చా’ కాదు, రెంటికీ మధ్య ఇంకో అచ్చు. మేకను మ్యాక, పేటను ప్యాట అన్నప్పుడు పలికేదే. పక్కన అకారమో ఆకారమో ఉంటే ఏకారం నోరు తెరుచుకోవడం తెలుగులో కొత్తేమీ కాదు. చిక్కల్లా మన వర్ణమాలలో ఆ అచ్చుకు అక్షరం లేకపోవడమే. రాసేవాడు అటో ఇటో మొగ్గాలి. హోటల్ బోర్డు మీద చేపల పులుసు ‘చాపల పులుసు’ అయింది ఇలాగే. దాన్ని చూసి ఎవరూ ఈతచాపల పులుసనుకుని వెనక్కి తిరగలేదు.

అయినా అసలు మలుపు రాతలో రాలేదు, బావి దగ్గర వచ్చింది. గిలక, చేద, తాడు కళ్లముందున్నన్నాళ్లు ఎలా పలికినా, ఎలా రాసినా అర్థం జారిపోలేదు. కుళాయి వచ్చింది, బోరు వచ్చింది, బావికి మూత పడింది. చేద అటకెక్కింది. చేదు అంటే ఇప్పుడు కాకరకాయే గుర్తొస్తుంది. ఇక చాంతాడులో ‘చా’ ఎవరి తాలూకో చెప్పేవాళ్లు లేరు. అర్థం తెలియని ముక్కకు జనం ఏదో ఒక అర్థం తగిలిస్తారు. మా బంధువుల కుర్రాణ్ని అడిగితే, “చానా పొడుగు తాడు కదా బాబాయ్, అందుకే చాంతాడు” అన్నాడు, తడుముకోకుండా. వ్యుత్పత్తి తప్పు. సామెత చెప్పదలచుకున్నది మాత్రం వాడికి బాగానే అందింది.

గొంతెమ్మ కోరికల సంగతీ ఇంతే. కుంతి తెలుగులో గొంతి అయి, అమ్మ చేరి గొంతెమ్మ అయింది. కుంతి మరుగున పడ్డాక ‘గొంతెత్తి అడిగే కోరికలు’ అనుకునేవాళ్లు తయారయ్యారు. సమ్మె వార్తల్లో చదివితే అదే సబబుగా తోస్తుంది కూడా. ‘ఆలూ లేదు చూలూ లేదు’లో బంగాళాదుంపను చూసే పిల్లల గురించి చెప్పేదేముంది! ఆమాటకొస్తే మన ఊరి పేరుకే కృష్ణమ్మ కొండలో చేసుకున్న బెజ్జం కథ అల్లుకున్నాం. పదో శతాబ్దపు యుద్ధమల్లుడి శాసనంలో ఉన్నది ఉత్త బెజవాడే. ‘బెజ్జంవాడ’ అని చెబితే మాత్రం ఎవరూ ఫోను చేయరు.

ఈసారి డెస్కు సవరణ వేయలేదు. మర్నాటి శీర్షికలో తాడు జోలికే పోకుండా ‘బారులు తీరిన భక్తులు’ అని పెట్టుకుంది.