ఆ దీపం ఆరిందంటే ఏమిటి అర్థం?

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుంది. రియాక్టర్‌లో పీడనం తగ్గాక మూసుకోవాల్సింది, ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరిపోయింది. వాల్వు మూసుకుందనే అనుకున్నారు ఆపరేటర్లు. నిజానికి ఆ దీపానికి వాల్వు సంగతే తెలీదు. తెరవమన్న కరెంటు సంకేతం ఇంకా ఉందా, ఆగిపోయిందా అన్నదొక్కటే దానికి తెలుసు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీళ్లు ఆ దారినే పోయాయి. రియాక్టర్ కోర్‌లో, అంటే ఇంధనం ఉండే నడిభాగంలో, దాదాపు సగం కరిగిపోయింది.

యంత్రాలకు స్క్రీన్లు తయారుచేసేవాళ్లు ఇప్పటికీ ఇదే తప్పు చేస్తుంటారు. బటన్ నొక్కగానే 'మోటార్ ఆన్' అని పచ్చగా వెలిగిస్తారు. మోటారు తిరుగుతోందో లేదో చెప్పాల్సింది బటన్ కాదు, మోటారు దగ్గరున్న సెన్సర్. ఆదేశం వెళ్లడం వేరు, పని మొదలవడం వేరు, పూర్తవడం వేరు. మూడూ తెరమీద వేరువేరుగా కనపడాలి.

యంత్రానికి తోడుగా ఇచ్చే ఫోన్ యాప్‌తో చిక్కు ఇంకా ఎక్కువ. నెట్ పోతే చివరగా అందిన అంకెనే చూపిస్తూ కూర్చుంటుంది. 82 డిగ్రీలట. ఇప్పుడా, అరగంట కిందటా? అంకె పక్కన సమయం వేసి, పాతబడ్డాక దాన్ని మసకగా చూపిస్తే ఈ టెన్షన్ ఉండదు. పెద్ద పనేం కాదు, అయినా చాలామంది చెయ్యరు.

ఇక అలారాలు. 1994లో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర ఒక రిఫైనరీలో పేలుడు జరిగింది. అంతకుముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీదికి 275 అలారాలు వచ్చిపడ్డాయి. సగటున రెండున్నర సెకన్లకొకటి! చదవడానికే టైము చాలదు, ఆలోచించేదెప్పుడు? అందుకే ఇప్పుడు మంచి స్క్రీన్లు బూడిదరంగులో, చప్పగా ఉంటాయి. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ రంగుండదు. ఏదైనా తేడా వస్తేనే ఎరుపో పసుపో కనిపిస్తుంది. కొనేవాళ్లకు ఇది మొదట నచ్చదు, రంగురంగులదే కావాలంటారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ బాంబర్ల పైలట్లు, నేలమీద దిగాక రెక్కల ఫ్లాప్‌లు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) ఎత్తబోయి చక్రాలు ముడిచేసేవారు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉండేవి మరి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్నీ, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారపు ముక్కనూ తగిలించమన్నాడు. తడిమితే చాలు, ఏది ఏదో చేతికి తెలిసిపోతుంది. టచ్‌స్క్రీన్ మీద ఆ వీలు లేదు. ఏ బటన్ తడిమినా వేలికి తగిలేది నున్నటి గాజే, గ్లవ్స్ వేసుకుంటే అదీ సరిగ్గా పనిచెయ్యదు. ఎమర్జెన్సీ స్టాప్‌ను అందుకే ఇప్పటికీ తెర బయటే పెడతారు, పసుపు పట్టీ మీద ఎర్రటి పుట్టగొడుగులా.