"తీరిక దొరికాక రాస్తానండీ": రాసేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కథల వర్క్‌షాపు అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఎవరో ఒకరు వెనకే ఆగుతారు. మొన్న ఒకావిడ ఆగారు. "రాయాలనే ఉందండీ. పిల్లాడి పరీక్షలు అయిపోనివ్వండి, మొదలుపెడతాను" అన్నారు. రెండేళ్ల కిందట కూడా ఇలాగే ఆగారు. అప్పుడు అడ్డం మామగారి ఆపరేషను. ఆవిడ చెప్పేవి సాకులు కావు, ఇంటి పని అలాగే ఉంటుంది. కానీ ఈ "అయిపోనివ్వండి" అనే మాట విని విని నాకు విసుగు పుట్టింది.

అపోహ: రాయాలంటే మూడు నాలుగు గంటలు ఏకబిగిన దొరకాలి.

మిగతా అపోహలు వారమో నెలో తింటాయి. ఇది ఏళ్లకు ఏళ్లు మింగేస్తుంది. లెక్క చూడండి: రోజుకు 150 మాటలు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 50 వారాలు. మొత్తం 37,500 మాటలు, అంటే ఓ చిన్న నవల డ్రాఫ్టు. 150 మాటలంటే నోటుబుక్కులో పేజీ, పేజీన్నర.

"పావుగంటలో మూడ్ వచ్చేలోపే లేవాల్సి వస్తుంది కదా" అంటారు. నిజమే. అయితే ఆ పావుగంటలో ఎక్కువ భాగం పోయేది నిన్న ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికి. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని గురించే రాశారు: ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. తర్వాత ఇంకొకరితో కలిసి చేసిన పనిలో దీనికో ఉపాయమూ చూపించారు. లేచే ముందు ఒక్క నిమిషం, ఎక్కడున్నామో, తిరిగొచ్చాక ఏం చేయాలో రాసి పెట్టుకోవడం.

నేను చేసేది కూడా అదే. నా నోటుబుక్కులో ఒక పేజీ అడుగున ఇలా ఉంది: "తమ్ముడు ఉత్తరం చదవడు. జేబులో పెట్టుకుంటాడు. అన్న చూస్తాడు." అంతే. మర్నాడు కూర్చోగానే ఉత్తరం జేబులోకి పోతుంది, కథ కదులుతుంది. సీను పూర్తిచేసి హాయిగా లేచిన రోజుల్లోనే మర్నాడు బుర్ర గోక్కుంటూ కూర్చున్నాను.

ఇది తెలియక నేనూ ఆరేళ్లు పోగొట్టుకున్నాను. ఒకసారి నవల పూర్తి చేద్దామని పది రోజులు సెలవు పెట్టి, ఇంట్లోవాళ్లను ఊరికి పంపించాను. మొదటి రోజు పుస్తకాల అలమర సర్దాను. రెండో రోజు ఇంట్లో ఉన్న పెన్నులన్నీ రాస్తున్నాయో లేదో చూశాను. మూడో రోజు నుంచి టెన్షన్: ఇన్ని గంటలు చేతిలో ఉండి కూడా రాయలేకపోతున్నానేమిటని. పదో రోజుకు తొమ్మిది పేజీలు తేలితే, తర్వాత ఆరు కొట్టేశాను. ఆ నవల చివరికి పూర్తయింది పాప ఈత క్లాసు బయట మెట్ల మీద, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నలభై నిమిషాల చొప్పున. పక్కన తడి తువ్వాలు, ఒడిలో నోటుబుక్కు.

అపోహ: తెల్లవారుజామున లేస్తేనే రచయిత.

దీనికి అందరూ ఆంథొనీ ట్రోలప్‌ను చూపిస్తారు. చాలా ఏళ్లు తపాలా శాఖలో ఉద్యోగం చేసిన, మొత్తం 47 నవలలు రాసిన ఆంగ్ల రచయిత. ఉదయం 5:30కి కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటలు రాసేవాడు. ఆయన చెప్పిన ఇంకో సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ వేళకు లేపి కాఫీ తెచ్చివ్వడానికి నౌకరుకు ఏడాదికి అదనంగా 5 పౌండ్లు ఇచ్చేవాడు! మీకు కాఫీ తెచ్చిచ్చే మనిషి లేకపోతే, అందులోనూ రాత్రి రెండుసార్లు చంటిపిల్ల కోసం లేస్తూ ఉంటే, దయచేసి పడుకోండి. ఆయన దగ్గర్నుంచి గడియారం తీసుకోండి చాలు.

ప్రత్యేక గది కావాలంటారు, అక్కర్లేదు. ఫోన్‌లో కొట్టింది రాత కాదంటారు, శుభ్రంగా అవుతుంది, నెట్ ఆపేస్తే. మూడ్ వస్తేనే రాయాలంటారు, నాకైతే రెండో పేరా దాటాక గానీ రాదు.

ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోరన్నదాంట్లో మాత్రం సగం నిజం ఉంది. "నన్ను కదిలించకండి" అంటే ఎవరూ వినరు, ఎప్పటిదాకానో తెలియదు కాబట్టి. "ఎనిమిదింపావు దాకా" అనండి, ఆరేళ్ల పిల్ల కూడా గడియారం ముందు కాపలా కాస్తుంది. ఎనిమిదింపావుకు లేవండి మరి, లేకపోతే రేపు నమ్మదు. ఇక ఇంటి చాకిరీ అంతా ఒక్కరి మీదే పడుతుంటే ఏ చిట్కా పనిచేయదు. ముందు ఆ పని పంచుకోవడం గురించి ఇంట్లో మాట్లాడాలి. ఇంట్లో జబ్బు, చావు ఉన్న నెలల్లో రాయలేదని కుమిలిపోవద్దు. ఆ నెలలు లెక్కలోకి రావు.

మొన్నటి ఆవిడను కథ దేని గురించని అడిగాను. నిలబడే చెప్పబోయారు. హాజరు కాగితం వెనక్కి తిప్పి చేతికిచ్చి, నోటితో వద్దు, ఇందులో రాయండన్నాను. రాస్తూనే, ఎక్కడ ఆపాలో ఎలా గుర్తుపెట్టుకోవాలో చెప్తే తల ఊపారు. మూడో వాక్యం దగ్గర ఫోన్ మోగింది. "ఆఁ, బయల్దేరా" అంటూనే కాగితం అడుగున గబగబా ఏదో గీకి, మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.