రాజుగాడు పిరికివాడు కాదు

చిన్నూ, బుజ్జీ,

సినిమాలో కుక్క దొంగని తరిమి పట్టుకుందనీ, మన రాజుగాడు మాత్రం పిల్లిని చూస్తేనే మంచం కింద దూరతాడనీ ఫోన్లో ఫిర్యాదు చేశారు కదా. పాపం, వాణ్ణి అలా అనకండి. వాడికి ఎవరూ ఏ పనీ నేర్పలేదు, ఏ వేషమూ నేర్పలేదు.

మా ఊళ్ళో నాటకాలాడేవాళ్ళు. రాత్రి జడ విసిరి అలిగిన సత్యభామ తెల్లారి గళ్ళ లుంగీలో బీడీ కాలుస్తూ కనపడేవాడు! సినిమా కుక్కా అంతే. 1943లో హాలీవుడ్‌లో లాసీ అనే ఆడకుక్క వేషం కట్టింది పాల్ అనే మగకుక్క. మా నాటకానికి తెరచాటున ప్రాంప్టర్ ఉన్నట్టే, దానికి కెమెరా పక్కన సైగ చేసే శిక్షకుడుంటాడు. మాకు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉన్నట్టే, ఒక్కోసారి ఒకే కుక్క వేషానికి రెండు మూడు కుక్కలుంటాయి. మావాళ్ళకి ఆట అయ్యాక ఉప్మా, వాటికి మాంసం ముక్క. తప్పు చేస్తే ఇంకో టేక్.

పనికుక్కకి ఇంకో టేక్ ఉండదు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్నంలో డిఫ్తీరియా అనే ప్రాణాంతకమైన గొంతు జబ్బు వచ్చింది. దారంతా మంచు. స్లెడ్జి బళ్ళు లాగే కుక్కల జట్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకుని, 1,085 కిలోమీటర్లు అయిదున్నర రోజుల్లో మందు చేర్చాయి. ఆఖరి జట్టుకి ముందు నడిచింది బాల్టో. దాన్ని తర్వాత సినిమాలో పెట్టారు, న్యూయార్క్‌లో విగ్రహం పెట్టారు. చివరికి టికెట్ పెట్టి చూపించే గదిలో కట్టేశారు. 1927లో క్లీవ్‌ల్యాండ్ ఊరివాళ్ళు డబ్బు పోగుచేసి విడిపించారు. బడిపిల్లలు కూడా చిల్లర ఇచ్చారు. మీ డిబ్బీలు గుర్తొచ్చాయి నాకు.

చిన్నప్పుడు మా చేలో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించేవాళ్ళు. ఓ రాత్రి మజ్జిగన్నం పట్టుకెళ్ళి మందకుక్కని పిలిచాను. తోకైనా ఊపలేదు. "పొద్దెక్కాక పెట్టు బాబూ, ఇప్పుడు తినదు" అన్నాడు కాపరి. గట్టు మీదే నిద్రపోయాను. మెలకువ వచ్చినప్పుడల్లా అది మంద చుట్టూ తిరుగుతూనే ఉంది. చూసేవాళ్ళెవరూ లేరు, నేను తప్ప.

మీ రోడ్డు మీదుగా మంద వెళ్తే ఈసారి దూరంగా నిలబడి చూడండి. బిస్కెట్ వెయ్యకండి, పిలవకండి. ఆ కుక్క ముందు నడుస్తుందో, వెనకో, అది ఎటు చూస్తుంటుందో నాకు రాయండి.

మీ తాతయ్య