పాల కుర్రాడు 6:30కి వచ్చాడా, 6:45కా? తొంభై ఏళ్ళు దాటినా తెగని వాలెస్ కేసు

వైజాగ్‌లో శివాజీ పార్క్ వాకింగ్ బ్యాచ్‌లో మాకు ఒక క్రిమినల్ సైడ్ సీనియర్ లాయర్ గారు ఉన్నారు, స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఇంజినీర్ గారొకాయన, సబ్బవరం లా యూనివర్సిటీలో చదివే ఆయన మనవరాలు కూడా అప్పుడప్పుడు వస్తుంది. వీళ్ళు ముగ్గురూ కలిస్తే లివర్‌పూల్‌లో 1931లో జరిగిన ఒక హత్య కేసు మీద కొట్టేసుకుంటారు. వినేవాళ్ళకి మాత్రం ఏటి ఈ గొడవ, ఎవరీ వాలెస్, మనకేంటి సంబంధం అనిపిస్తది, అందుకే అసలు ఈ వాదన ఎక్కడ్నుంచి మొదలైందో, ఇన్నేళ్ళైనా ఎందుకు తెగట్లేదో రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపికున్నవాళ్ళు చదవండి.

విలియం హెర్బర్ట్ వాలెస్, 52 ఏళ్ళు, ప్రుడెన్షియల్ ఇన్సూరెన్స్ కంపెనీలో ఏజెంట్, ఇంటింటికీ తిరిగి ప్రీమియం వసూలు చేసే పని. చెస్ ఆడతాడు, వయొలిన్ వాయిస్తాడు, పెద్దగా మాట్లాడడు. కుర్రతనంలో మన దేశంలో కూడా కొన్నాళ్ళున్నాడు, కలకత్తాలో వైట్‌అవే లైడ్‌లా అనే పెద్ద షాపు కంపెనీలో పనిచేసి, తర్వాత షాంఘై వెళ్ళి, కిడ్నీ జబ్బు వల్ల ఇంగ్లండ్ తిరిగెళ్ళిపోయాడు. భార్య జూలియా. లివర్‌పూల్‌లో ఆన్‌ఫీల్డ్ ఏరియా, 29 వోల్వర్టన్ స్ట్రీట్, ఒకదానికొకటి ఆనుకున్న చిన్న ఇళ్ళ వరస. పిల్లల్లేరు. గొడవలు పడేవారని గట్టిగా చెప్పిన సాక్షి కోర్టులో ఒక్కరూ లేరు.

1931 జనవరి 19, సోమవారం సాయంత్రం 7:20 ప్రాంతంలో, వాలెస్ వెళ్ళే చెస్ క్లబ్ ఉన్న సిటీ కేఫ్‌కి ఒక ఫోన్ వచ్చింది. నా పేరు ఆర్ ఎమ్ క్వాల్‌ట్రో, వాలెస్‌ని రేపు రాత్రి 7:30కి 25 మెన్‌లవ్ గార్డెన్స్ ఈస్ట్‌కి రమ్మనండి, ఇన్సూరెన్స్ పని ఉంది అని. మెసేజ్ తీసుకున్నది క్లబ్ కెప్టెన్ బీటీ. వాలెస్ ఒక పాతిక నిమిషాల తర్వాత, 7:45 ప్రాంతంలో క్లబ్‌కొస్తే ఈ మెసేజ్ చెప్పారు. ఆ ఫోన్ ఎక్కడ్నుంచి వచ్చిందో తెలిసిపోయింది, అది కూడా అదృష్టం కొద్దీ, బూత్‌లో కాల్ కలవక ఆపరేటర్ దగ్గర నోట్ అయింది కాబట్టి. ఆ బూత్ వాలెస్ ఇంటికి దాదాపు 400 గజాల దూరం. ఇక్కడే గొడవ మొదలు. సోమవారం 7:15కి ఇంట్లోంచి బయల్దేరానని వాలెసే చెప్పాడు. అంటే బూత్ దగ్గర ఆగి ఫోన్ చేసి ట్రామ్ ఎక్కి 7:45కి క్లబ్‌కి చేరడం కుదురుతుంది. ఇంకొకడెవడో ఆ బూత్ దగ్గర మాటేసి, ఈయన గుమ్మం దాటడం చూసి ఫోన్ చేసినా అదే టైం సరిపోతుంది. ఒక్కటే ఆధారం రెండు పక్షాలకీ సమానంగా పనికొస్తుంది, ఈ కేసంతా ఇదే వరస. బీటీ మాత్రం ఆ గొంతు వాలెస్‌ది కాదనే చెప్పాడు, ఆయనకి వాలెస్ ఏళ్ళ తరబడి తెలిసినవాడు.

ఇక మంగళవారం. లాయర్ గారూ ఇంజినీర్ గారూ కొట్టుకునేది ఎక్కువ దీని మీదే.

వాలెస్ సాయంత్రం 6:05 తర్వాత ఇంటికొచ్చాడు, భార్యతో టీ తాగి 6:45కి బయల్దేరాను అన్నాడు. 7:06కి స్మిత్‌డౌన్ రోడ్ జంక్షన్ దగ్గర ట్రామ్ ఎక్కాడు, ఇది కండక్టర్ చెప్పిన టైం, దీన్ని ఇప్పటిదాకా ఎవరూ కదపలేకపోయారు. తర్వాత మెన్‌లవ్ గార్డెన్స్ ప్రాంతమంతా తిరిగాడు. అక్కడ నార్త్ ఉంది, సౌత్ ఉంది, వెస్ట్ ఉంది, ఈస్ట్ అనేదే లేదు. కండక్టర్లని అడిగాడు, వెస్ట్‌లో 25 నెంబరు తలుపు కొట్టాడు, ఒక కానిస్టేబుల్‌ని ఆపి అడ్రస్ అడిగి, టైం కూడా అడిగితే ఆయన 7:45 అన్నాడు. కాళ్ళరిగేలా తిరిగి 8:45 ప్రాంతంలో ఇంటికొస్తే తలుపు రావట్లేదు, పక్కింటివాళ్ళు బయటికెళ్తూ ఎదురయ్యారు, వాళ్ళ ముందే వెనక తలుపు తెరుచుకుంది. ముందు గదిలో జూలియా చనిపోయి ఉంది, తల పగిలిపోయి, కింద వాలెస్ రెయిన్‌కోట్ కాస్త కాలి, రక్తంతో. డబ్బుల పెట్టెలోంచి పోయింది 4 పౌండ్ల చిల్లర. ఆయుధం ఈరోజుకీ దొరకలేదు. వాలెస్ బట్టల మీద రక్తం చుక్క లేదు.

ప్రాసిక్యూషన్ అన్నదేంటంటే, ఫోన్ చేసింది వాలెసే, లేని అడ్రస్ కనిపెట్టి ఊరంతా అడుగుతూ తిరిగి సాక్షుల్ని పోగేసుకున్నాడు, చంపింది బయల్దేరే ముందే. మరి రక్తం ఎందుకు అంటలేదయ్యా అంటే, ఒంటి మీద నూలుపోగు లేకుండా రెయిన్‌కోట్ ఒకటి తొడుక్కుని చంపి ఉంటాడని కోర్టులో ప్రాసిక్యూటర్ హెమర్డీ ఒక ఊహ వదిలాడు. మా ఇంజినీర్ గారికి ఈ ఊహ అంటే ఎంత మోజో చెప్పలేను.

ఇప్పుడు లెక్క చూడండి. పోలీసులు అదే దారిలో డిటెక్టివ్‌లని పంపి వాలెస్ ఇంటినుంచి ఆ ట్రామ్ స్టాప్ దాకా టైం కట్టారు, పరిగెత్తినట్టు వెళ్ళారని జనం వాళ్ళకి ఆన్‌ఫీల్డ్ హారియర్స్ అని పేరు పెట్టారు, అంటే ఊళ్ళో రన్నింగ్ పందాల జట్టని వెటకారం. పదిహేడు నుంచి ఇరవై నిమిషాలు పట్టింది. అంటే 7:06కి ట్రామ్ అందాలంటే వాలెస్ 6:49 లోపు గడప దాటాలి. అది ఒక కొస. రెండో కొస జూలియా చివరిసారి ప్రాణాలతో కనబడ్డ టైం. ఆ టైం చెప్పాల్సింది అలన్ క్లోజ్ అనే 14 ఏళ్ళ పాల కుర్రాడు. ఆవిడే తలుపు తీసి పాలు తీసుకుంది, మాట్లాడింది కూడా.

హత్య జరిగిన మర్నాడు సాయంత్రం ఈ కుర్రాడు తోటి పిల్లలతో నేను ఆవిడని ఏడుంబావుకి చూశా అన్నాడంట, అయ్యో సారీ, ఏడుంబావు కాదు, ఏడుకి పావు తక్కువకి, అంటే 6:45. వాళ్ళే నువ్వు పోలీసుల దగ్గరికెళ్ళి చెప్పరా అని తోలారు. కోర్టుకొచ్చేసరికి అదే కుర్రాడు 6:30 అన్నాడు. ఎలాగంటే, హోలీ ట్రినిటీ చర్చి గడియారం 6:25 చూపిస్తుండగా దాటాను, అక్కడ్నుంచి ఇన్ని నిమిషాలు అని. ఇంకో కుర్రాడు, పేపర్ వేసే వైల్డ్‌మన్, అదే చర్చి గడియారం 6:35 అప్పుడు చూసి, 6:37, 6:38 ప్రాంతంలో 29 నెంబరు గుమ్మం దగ్గర పాల కుర్రాడు నిలబడి ఉండగా చూశానని డిఫెన్స్ తరఫున చెప్పాడు. పక్కిల్లు 27లో పేపర్ వేసేది ఇతనే కాబట్టి చూసే అవకాశం ఉంది.

6:30 అనుకుంటే వాలెస్‌కి దొరికే టైం దాదాపు 19 నిమిషాలు. 6:38 అనుకుంటే 10, 11. 6:45 అనుకుంటే కేసే లేదు, ఇంటికెళ్ళిపోవచ్చు. ఆ టైంలో ఏం చెయ్యాలి, భార్యని ముందు గదిలోకి తీసుకెళ్ళి చంపాలి, కాలుతున్న రెయిన్‌కోటు ఆర్పాలి, ఒళ్ళు కడుక్కోవాలి, బట్టలు వేసుకోవాలి, పెట్టెలోంచి డబ్బు తీసి దొంగతనంలా కనబడేలా చెయ్యాలి, ఆయుధం ఎవరికీ దొరకని చోట పడెయ్యాలి. అంటే ఒక మనిషి మెడకి ఉరి పడాలా వద్దా అన్నది పాలడబ్బా మోసే పిల్లాడు చర్చి గడియారం ఎన్నింటికి చూశాడనే దాని మీద ఆధారపడింది.

నా అభిప్రాయం ఇక్కడ చెప్పేస్తా, తర్వాత తిట్టుకోండి. ఈ వాదనలో అందరూ చేసే పని ఒకటే, ఊళ్ళో గడియారాలన్నీ ఒకే టైం చూపిస్తున్నట్టు నిమిషాల్ని కూడడం, తీసెయ్యడం. మన వీధిలో పాల పేకెట్ వేసే కుర్రాడు ఈ పొద్దున ఎన్నింటికొచ్చాడో ఇంట్లో నలుగుర్ని అడగండి, నాలుగు టైంలు వస్తాయి, నలుగురూ నిజమే చెప్తుంటారు. చర్చి గడియారం ఒకటి, ట్రామ్ కండక్టర్ షెడ్యూల్ ఒకటి, కానిస్టేబుల్ జేబు వాచీ ఒకటి, పిల్లాడి గుర్తు ఒకటి. కండక్టర్ టైం గట్టిది, ఎందుకంటే అతని ఉద్యోగమే టైం. ఫోన్ టైం గట్టిది, ఎందుకంటే అప్పుడే రాసుకున్నారు. వైల్డ్‌మన్ టైం పర్లేదు, గడియారం చూసినట్టు చెప్పాడు, ఆ టైం మార్చుకోవాల్సిన అవసరం అతనికి లేదు. క్లోజ్ టైం మాత్రం ముందు ఒకటి, పోలీసులతో మాట్లాడాక ఒకటి. మొదటి రోజు తోటిపిల్లలకి చెప్పింది కోర్టులో చెప్పినదానికన్నా బరువైందని నేననుకుంటా, అప్పటికి దాంతో ఎవరికీ పని పడలేదు కాబట్టి.

లాయర్ గారు దీనికి ఒప్పుకోరు. "పిల్లలు గొప్ప కోసం ఎక్కువ చెప్తారండీ, 6:45 అంటే ఆఖరున చూసింది నేనే అని గొప్ప, అంతే" అంటారు. అదీ కొట్టిపారేసే మాటేం కాదు.

అన్నింటికన్నా విచిత్రం డాక్టర్ సాక్ష్యం. ప్రొఫెసర్ మెక్‌ఫాల్ రాత్రి 10 ప్రాంతంలో వచ్చి శవం బిగుసుకోవడం చూసి చావు దాదాపు 4 గంటల ముందు అన్నాడు, అంటే 6 గంటలు. శరీరం టెంపరేచర్ తియ్యలేదు. ఒళ్ళు బిగుసుకోవడం మనిషిని బట్టి, గది చలిని బట్టి ఎంతో మారుతుంది, దాన్ని పట్టుకుని నిమిషాలు చెప్పడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. పైగా 6 గంటలకి చనిపోయిన మనిషి ఆరున్నర తర్వాత పాలు తీసుకుందా? ప్రాసిక్యూషన్ డాక్టరూ ప్రాసిక్యూషన్ పాలకుర్రాడూ ఒకరికొకరు సరిపోరు, జూరీకి అది పట్టలేదు.

1931 ఏప్రిల్ 22 నుంచి 25 దాకా లివర్‌పూల్ సెయింట్ జార్జ్ హాల్లో విచారణ. జడ్జి రైట్ తన ముగింపు మాటల్లో వాలెస్ వైపే మొగ్గినట్టు మాట్లాడాడు, అయినా జూరీ గంటలో దోషి అనేసింది, ఉరి. ఆయన ఏడవలేదు, బోనులో రాయిలా నిలబడ్డాడు, అదే కొంప ముంచిందని చాలామంది అంటారు. మేలో అప్పీలు కోర్టు లార్డ్ హ్యూవార్ట్ ముందు రెండు రోజులు వాదనలు, మే 19న శిక్ష కొట్టేశారు. 1907 చట్టంతో ఆ కోర్టు పుట్టిన తర్వాత, ఉన్న సాక్ష్యానికి ఆ తీర్పు నిలబడదు అనే ఒక్క కారణంతో హత్య కేసులో శిక్ష రద్దు చెయ్యడం అదే మొదటిసారి. లా పిల్లలు ఇంకా ఈ కేసు పట్టుకుని వేలాడటానికి అదొక కారణం. వాలెస్ బయటికొచ్చాడు గానీ ఊరు నమ్మలేదు, ఇల్లు మారాడు, 1933 ఫిబ్రవరిలో కిడ్నీ జబ్బుతోనే పోయాడు.

తర్వాత కథ ఇంకో మలుపు. 1981లో, 50 ఏళ్ళు నిండిన సందర్భంగా లివర్‌పూల్ రేడియో సిటీలో ఒక కార్యక్రమం వచ్చింది, అందులో రిచర్డ్ గోర్డన్ పారీ అనే పేరు బయటికి తెచ్చారు. ఇతనూ ఒకప్పుడు ప్రుడెన్షియల్‌లోనే చేసినవాడు, వాలెస్ ఇంటికి వెళ్ళొచ్చినవాడు, సిటీ కేఫ్‌కి నాటకాల రిహార్సల్స్ వల్ల వెళ్ళేవాడు, చెస్ పోటీల లిస్టు అక్కడ గోడకే ఉండేది కాబట్టి వాలెస్ ఏ రోజు ఆడతాడో చూసుకోగలడు. సోమవారం సాయంత్రం కాబోయే భార్య ఇంట్లో ఉన్నానని పారీ చెప్పిన టైం, ఆ ఇంట్లోవాళ్ళు చెప్పిన టైంకి సరిపోలేదు. ఆ రాత్రి పారీ కారు కడిగాననీ, కారులో రక్తం మరకలున్న గ్లవ్ చూశాననీ ఒక గారేజీ పనివాడు చెప్పాడు. పారీ మీద కేసు ఎప్పుడూ పెట్టలేదు, ఆ కార్యక్రమానికి ముందు ఏడాదే అతను చనిపోయాడు, జవాబు చెప్పే అవకాశమే లేదు.

సరే, పారీ పక్షం వాళ్ళు కూడా తక్కువేం తినలేదు. సోమవారం అతను చెప్పిన టైం తప్పని గట్టిగా పట్టుకుంటారు, మంగళవారం సాయంత్రం 5 నుంచి 8:30 దాకా తెలిసినవాళ్ళింట్లో ఉన్నాడని ఆ ఇంటివాళ్ళే పోలీసులకి చెప్పింది మాత్రం ఎత్తరు. ఎత్తితే ఇంకెవర్నో పంపి ఉంటాడు అంటారు. అలగైతే ఎవర్నైనా ఇరికించొచ్చు కదా.

ఇక మన వైజాగ్ గొడవకొస్తే, లాయర్ గారి పాయింటు వేరు. ఇదే కేసు ఇక్కడ సెషన్స్ కోర్టులో పడుంటే ముందు సాక్ష్య చట్టం సెక్షన్ 106, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 109 తీస్తారు, ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే ఉండగా ఒకరు చనిపోతే ఏం జరిగిందో ఉన్నవాడే చెప్పాలి అంటారు, త్రిముఖ్ మారుతి కిర్కన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు అలాంటి మాటే చెప్పింది. మనవరాలు ఊరుకోదు, "తాతగారూ, ఆయన్ని అడగండి, 1956లో శంభునాథ్ మెహ్రా కేసు సంగతేంటో, ముందు ప్రాసిక్యూషన్ తన వంతు రుజువు చెయ్యాలి, అప్పుడే కదా 106" అంటుంది. తర్వాత 1984 శరద్ బిర్ధిచంద్ శార్దా కేసు, సాక్ష్యాల గొలుసు ఎక్కడా తెగకుండా ఉండాలి, నిర్దోషి అయ్యుండొచ్చనే ఇంకో అవకాశం మిగలకూడదు అన్నది. పైగా వాలెస్ వివరణ ఇచ్చాడు, నేను ఇంట్లో లేను అన్నాడు, ట్రామ్ కండక్టర్ ఉన్నాడు. అప్పుడు 109 ఏ గంటకి వర్తిస్తుంది? 6:45కి ముందా, తర్వాతా? మళ్ళీ పాల కుర్రాడి దగ్గరికే వచ్చాం చూశారా.

ఇంజినీర్ గారు ఇవన్నీ వినరు, ఇప్పుడైతే ఫోన్ టవర్, సీసీ కెమెరా ఉంటే పది నిమిషాల్లో తేలిపోను అంటారు. లాయర్ గారు దానికి నవ్వుతారు, ఎందుకంటే సీసీ కెమెరా రికార్డర్లో టైం ఆరు నిమిషాలు ముందో వెనకో ఉంటే, ఎవరూ సెట్ చెయ్యకపోతే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆయన మొదట అడిగేదే అది. ఆ రికార్డింగ్ సరైందేనని సర్టిఫికెట్ తెచ్చావా, ఆ మిషన్ గడియారం ఏ టైంతో పోల్చి చూశావు అని. టవర్ కూడా ఏరియా చెప్తుంది గానీ గడప దాటిన నిమిషం చెప్పదు.

పోయిన వారం వాళ్ళ గొడవ మొత్తం వైల్డ్‌మన్ మీదే నడిచింది. అతను గడియారం చూసిన చోటునుంచి 27 నెంబరు దాకా మూడు నిమిషాలు సరిపోతాయా, మధ్యలో ఎన్ని ఇళ్ళకి పేపర్ వేశాడు అని. ఇంజినీర్ గారు పార్క్ ట్రాక్ మీద నడిచి చూపించడానికి లేచారు, మనవరాలు ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసింది, లాయర్ గారు మాత్రం ఆ నడక సాక్ష్యంగా చెల్లదని అభ్యంతరం చెప్పి టీకి వెళ్ళిపోయారు.